నలభై ఒక్క వేలిముద్రలు

రక్తపరీక్షల గదిలో కొత్తగా చేరినవాళ్లకి ఆమె అసలు పేరు తెలియడానికి నెల పట్టేది గానీ, మారుపేరు మాత్రం మొదటి పూటే తెలిసిపోయేది. గాజుగొట్టం మీద అతికించిన చీటీ ఒకసారి చదివి పక్కన పెట్టబోతే చాలు, వెనకనుంచి మెత్తగా ఓ మాట వినపడేది: “రెండోసారి.” మళ్లీ చదివేదాకా ఆమె అక్కడినుంచి కదిలేది కాదు. అలా ఆ మాటే ఆమెకు పేరై కూర్చుంది. డాక్టర్లు కూడా ఫోను చేసి “రెండోసారి గారు ఉన్నారా” అని అడిగేవాళ్లు.

ఆ అలవాటు ఊరికే రాలేదు. ఉద్యోగంలో చేరిన తొలి ఏడాది ఒకే పేరున్న ఇద్దరు ఆడవాళ్ల రక్తం ఆమె చేతిలో తారుమారైంది. గుండ్రాయిలా ఉన్నామెను ఒంట్లో నెత్తురు లేదని మంచం మీద పడుకోబెట్టారు. నిజంగా నెత్తురు లేనామె హాయిగా ఇంటికి వెళ్లిపోయింది. మర్నాటి సాయంత్రానికి సంగతి బయటపడింది. ఎవరి ప్రాణం మీదికీ రాలేదు. పైఅధికారి నాలుగు కేకలు వేసి ఊరుకున్నాడు. ఆమె మాత్రం ఊరుకోలేకపోయింది. చిరునామా పట్టుకుని మూడంతస్తులు ఎక్కి, తలుపు తట్టి, తప్పు తనదేనని చెప్పి, ఆ మనిషిని తానే రిక్షాలో వెనక్కి తీసుకొచ్చింది.

ఇప్పుడు ఆమెకు యాభై మూడు. భర్త బడిలో డ్రిల్లు మాస్టారు. ఆయన మాట ఆటస్థలం అవతలి గోడకు తగిలి తిరిగొస్తుంది, ఈమె మాట పక్కగదిలోకి వినపడదు. ఇద్దరికీ ఇరవై ఏడేళ్లుగా సర్దుబాటు బాగానే కుదిరింది.

తొమ్మిదేళ్ల కిందట ఆసుపత్రి మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. ఆరు వారాలు కట్టుతో మంచం. ఏమీ తోచక ఫోనులో ఇంటర్నెట్ విజ్ఞాన సర్వస్వం ఒకటి చదవడం మొదలుపెట్టింది. అది ఎవరైనా రాయగలిగేది, ఎవరైనా దిద్దగలిగేది. రక్తం గురించిన పేజీలో ఒక అంకె తప్పుంది. దిద్దింది. పది నిమిషాల్లో ఎవరో ఆమె దిద్దుబాటును చెరిపేసి, పక్కన “మూలం?” అని ఒక్క ముక్క రాసి వెళ్లారు. ఇరవై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాను, నేను చెబుతున్నాగా అని ఆమె రాసింది. మీరెవరో మాకు తెలియదు, పుస్తకం పేరూ పేజీ నంబరూ చెప్పండి అని జవాబొచ్చింది. ఆమెకు ఒళ్లు మండింది. పక్కనే కూర్చున్న భర్త విషయం విని కడుపుబ్బ నవ్వాడు. “నీకు తగ్గవాడు దొరికాడే ఇన్నాళ్లకి” అన్నాడు.

ఆ సాయంత్రం అటక మీది పాత చదువు పుస్తకాలు ఆయన చేతే దింపించి, పేజీ వెతికి, నంబరుతో సహా రాసింది. ఈసారి ఆ అంకె నిలబడింది. ఎదుటివాడు థాంక్స్ కూడా చెప్పలేదు. అదే ఆమెకు నచ్చింది. మనిషి ముఖం చూసి కాక, చూపించిన కాగితం చూసి నమ్మే చోటు ఒకటి లోకంలో ఉందని ఆమెకు అప్పుడే తెలిసింది. కాలు అతుక్కున్నాక కూడా ఆ చోటు వదల్లేదు. అక్కడ పెట్టుకోవడానికి ఓ పేరు కావాలంటే వెతుక్కోనక్కర్లేకపోయింది. రెండోసారి.

రాయడం ఆమెకు అంతగా పట్టుబడలేదు. తనిఖీ పట్టుబడింది. ఎవరైనా ఒక వ్యాసాన్ని పెంచి పెద్దచేసి, ఇది మంచి వ్యాసాల జాబితాలోకి ఎక్కదగినదేనా అని అడిగితే, దానితో సంబంధం లేని ఇంకొకరు కూర్చుని వాక్యం వాక్యం చూడాలి. ప్రతి మాటకీ కింద పాదసూచికలో మూలం ఉందా, ఉన్న మూలం నిజంగా ఆ మాటే అంటోందా అని పరీక్షించాలి. చాలామంది నాలుగైదు మూలాలు చూసి సరే అనేస్తారు. ఆమె అన్నీ చూసేది. అందుకని ఆమె చేతిలో పడ్డ వ్యాసకర్తలకు ముందు గుండెల్లో రాయి పడేది, తర్వాత ఆ వ్యాసాన్ని ఇంకెవరూ వేలెత్తి చూపలేకపోయేవారు.

రెండేళ్ల కిందట తమ ఊరి నీళ్ల సరఫరా చరిత్ర మీద ఒక పెద్ద వ్యాసం అలా పరీక్షకు వచ్చింది. రాసినాయన అక్కడ పెట్టుకున్న పేరు పాత పటం. సర్వే ఆఫీసులో పటాలు గీసి రిటైరయిన మనిషి. నాలుగేళ్లు కష్టపడి రాశాడు. నూట పన్నెండు పాదసూచికలు. అంత పెద్ద వ్యాసాన్ని తలకెత్తుకునే ధైర్యం లేక మూడు నెలలు ఎవరూ దాని జోలికి పోలేదు. ఆమె తీసుకుంది.

తీసుకున్న రోజే చదువుతూ చదువుతూ వరద భాగం దగ్గర ఆగిపోయింది. డెబ్భై నాలుగేళ్ల కిందటి పెద్ద వరదలో, ఊరు సగం మునిగినప్పుడు, పంపుల గదిలోని ఆవిరి ఇంజను డ్రైవరు నాలుగు పగళ్లూ మూడు రాత్రులూ స్థలం విడవకుండా ఇంజను నడిపాడనీ, ఆయన వల్లే మిగిలిన సగం ఊరికి మంచినీళ్లు ఆగలేదనీ ఉంది. ఆ డ్రైవరు ఆమె తాతయ్య, అమ్మకు నాన్న.

కథ ఆమెకు కొత్తది కాదు. ఇంట్లో అన్నంతోపాటు పెట్టి పెంచిన కథ. అన్నయ్య ఇంటి హాల్లో తాతయ్య ఇంజను పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డ ఫోటో ఉంది. వచ్చినవాళ్లకు మంచినీళ్ల గ్లాసు ఇచ్చేటప్పుడే అన్నయ్య ఆ కథ కూడా ఇచ్చేవాడు. ఆమె ఆశ్చర్యపోయింది తాతయ్య పేరు అక్కడ ఉన్నందుకు కాదు, ఉన్న సంగతి ఇన్నాళ్లూ తనకు తెలియనందుకు.

వెంటనే వ్యాసానికి జతగా ఉండే చర్చా పేజీలో రాసింది: వరద భాగంలోని డ్రైవరు మా తాతగారు, మీకు అభ్యంతరముంటే సమీక్ష వదిలేస్తాను. పాత పటం మర్నాడు జవాబిచ్చాడు. “రెండోసారి గారూ, మీరు వదిలేస్తే ఇంకో మూడు నెలలు ఇది మూలన పడుంటుంది. అభ్యంతరం లేదు. ఆ ఒక్క వాక్యాన్ని మాత్రం మిగతావాటికన్నా గట్టిగా చూడండి, అంతే.”

అలాగే అంది. తర్వాత తొమ్మిది ఆదివారాలు ఊరి పెద్ద గ్రంథాలయంలో గడిచిపోయాయి. రెండో అంతస్తులో పాత కాగితాల గది. కిటికీ వైపు బల్ల ఆమెది. అక్కడి గుమాస్తా పొట్టి మనిషి, ఎప్పుడూ ముక్కు తుడుచుకుంటూ ఉండేవాడు. దుమ్ము పడదు, ఉద్యోగమేమో దుమ్ములో. మొదట్లో ఆమె చీటీ ఇచ్చినప్పుడల్లా మూలిగేవాడు. నాలుగో వారానికి ఆమె రాకముందే పుస్తకాలు తీసి పెట్టడం మొదలుపెట్టాడు.

తప్పులు దొరికాయి. పైపులు వేయడం మొదలైన ఏడాది ఒకటి అటూ ఇటూ అయింది. ఒక పుస్తకంలో లేని పేజీకి పాదసూచిక ఉంది. అన్నిటికన్నా ఆమెను నవ్వించింది నీళ్ల ట్యాంకు మెట్ల లెక్క. ట్యాంకుకు నూట నలభై రెండు మెట్లని వ్యాసం, దానికి మూలం మూడేళ్ల కిందటి ఓ వార్తాపత్రిక. ఆ పత్రిక వార్త చూస్తే అందులో ఇంజనీరు ఇంటిపేరు తప్పుగా ఉంది. సరిగ్గా అదే తప్పు ఈ వ్యాసం పాత ప్రతిలోనూ ఉంది. అంటే పత్రికవాడు వ్యాసాన్ని చూసి రాశాడు, వ్యాసం తర్వాత పత్రికను సాక్ష్యానికి పిలిచింది. నువ్వు నాకు సాక్షి, నేను నీకు సాక్షి అన్నట్టు.

ఒక ఆదివారం పొద్దున్నే భర్తను వెంటబెట్టుకుని వెళ్లి, కాపలావాణ్ని బతిమాలి ట్యాంకు ఎక్కింది. డ్రిల్లు మాస్టారు ఊరంతా వినపడేలా లెక్కపెట్టాడు. నూట ఇరవై నాలుగు. చర్చా పేజీలో ఆమె రాసింది: “నేను ఎక్కి చూశాను, నూట ఇరవై నాలుగున్నాయి. కానీ నా మోకాళ్లు మూలం కావు. కాబట్టి అంకె తీసేయండి.” పాత పటం తీసేశాడు.

తాతయ్య వాక్యానికి మూలంగా చూపించింది నీళ్ల సరఫరా శాఖ స్వర్ణోత్సవ సంచిక, ముప్పై ఏడో పేజీ. వరద వచ్చిన ఇరవై ఏడేళ్లకు అచ్చువేసిన పుస్తకం. గుమాస్తా దాన్ని తెచ్చి బల్ల మీద పెట్టాడు. ముప్పై ఏడో పేజీలో వాక్యం ఉంది, మాట తేడా లేకుండా. సంచికలోని ఆ వ్యాసం కింద రాసినవారి పేరు చూసింది. ఆమె మేనమామ. పోయి పదేళ్లయింది. ఆ శాఖలోనే గుమాస్తాగా చేసేవాడు. పుట్టింటి గొప్పలు మేనమామ దగ్గరా అంటారు. ఇక్కడ ఆ గొప్పలు అచ్చువేయించిందే మేనమామ.

అబద్ధమని ఆమె అనుకోలేదు. కానీ తండ్రి గురించి కొడుకు రాసినదాన్ని ఒంటరిగా నిలబెట్టడం కుదరదు. ఇంకో మూలం కావాలి. వరద తర్వాత ప్రభుత్వం విచారణ జరిపించి నివేదిక అచ్చువేసింది. పాత పటం వ్యాసంలో ఆ నివేదిక చాలాచోట్ల మూలంగా ఉంది గానీ ఇంజను గది ప్రస్తావన దగ్గర లేదు. నివేదిక తెప్పించి తిరగేసింది. చివరి పేజీలో “వివరాలు అనుబంధాలలో” అని ఉంది. అనుబంధాలు లేవు.

గుమాస్తాను అడిగితే ఈ పుస్తకం ఇంతే అన్నాడు. ఆమె వెళ్లలేదు. అతను ముక్కు తుడుచుకుని, కాసేపు బీరువాల వంక చూసి, లోపలికి వెళ్లాడు. అరగంట తర్వాత వచ్చాడు, చేతిలో నల్ల అట్ట పుస్తకంతో. ఎప్పుడో మళ్లీ అట్టలు కట్టించినప్పుడు అనుబంధాలను విడిగా కట్టి, వాటిని రోడ్లూ వంతెనల వరుసలో పెట్టేశారట. “నలభై ఏళ్లుగా దీన్ని ఎవరూ అడగలేదండీ” అన్నాడు, తప్పు అడగనివాళ్లదే అన్నట్టు.

అయిదో అనుబంధం ఇంజను గది చిట్టా. గంటకోసారి ఆవిరి ఒత్తిడి, నీటి మట్టం, రాసినవారి సంతకం. మొదటి రోజంతా తాతయ్య సంతకం. రెండో రోజు మధ్యాహ్నం రెండు గంటల దాకా తాతయ్యే. మూడు గంటల వరుసలో సంతకం ఉండాల్సిన చోట “వేలిముద్ర” అని అచ్చయి ఉంది. నాలుగింటికీ అదే. ఆమె వేలు పెట్టి కిందికి దించుకుంటూ పోయింది. రాత్రంతా, మర్నాడంతా, ఆ రాత్రంతా, నాలుగో రోజు పొద్దున ఏడింటిదాకా. నలభై ఒకటి. ఎనిమిదింటికి మళ్లీ తాతయ్య సంతకం.

కింద రెండు గమనికలు. ఆ వేలిముద్రలు కొలిమిలో బొగ్గు వేసే మనిషివి. అంకెలు వచ్చు, అక్షరాలు రావు, ఇంకెవరూ లేనందువల్ల ఇంజనూ కొలిమీ తానే చూసుకున్నాడు. అతని పేరు అక్కడ ఒక్కసారి ఉంది. రెండో గమనిక ఒక్క వరుస: అనుమతి లేకుండా స్థలం విడిచినందుకు డ్రైవరుకు హెచ్చరిక ఇవ్వడమైనది.

ఆమె మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టింది. నలభై ఒకటే. పుస్తకం మూసి, గుమాస్తాకు తిరిగిచ్చి, మెట్లు దిగి బస్సు స్టాపులో కూర్చుంది. రెండు బస్సులు వెళ్లిపోయాక మూడోది ఎక్కింది.

ఇంటికి వెళ్లలేదు, అన్నయ్య దగ్గరికి వెళ్లింది. అన్నయ్యకు కరెంటు సామాన్ల దుకాణం. ఆదివారం కాబట్టి ఇంట్లోనే ఉన్నాడు. అమ్మ అక్కడే ఉంటుంది. ఎనభై ఏళ్లు, చెవులు పాముచెవులు, కళ్లే ఆనవు. హాలు మూలన కిటికీ పక్కన ఆమె కుర్చీ. వదిన కాఫీలు తెచ్చింది. ఆమె కాఫీ ముట్టకుండా చూసింది చూసినట్టు చెప్పింది.

అన్నయ్య కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు. తర్వాత తెలిసింది ఏమిటంటే, నగరపాలక సంస్థ కొత్తగా కడుతున్న పంపుల గదికి తాతయ్య పేరు పెట్టించాలని అతను ఏడాదిగా ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాడు. అర్జీకి జతచేసింది ఆ విజ్ఞాన సర్వస్వం పేజీయే. ఫైలు దాదాపు ఒప్పుకునే దశకు వచ్చింది.

“ఆ మాట రాసింది నువ్వు కాదు” అన్నాడు. “తీసేయాల్సింది కూడా నువ్వు కాదు. నీకు చూపించిన పుస్తకంలో ఉందా? ఉంది. సరే అని రాసెయ్. రోడ్లూ వంతెనల్లో దాక్కున్నదాన్ని బయటికి లాగమని ఎవరడిగారు నిన్ను?”

“ఎవరూ అడగలేదు అన్నయ్యా. కనపడింది.”

“కనపడితే? తాతయ్య పారిపోయాడని రాస్తావా లోకమంతా చదివేలా?”

అలా రాయను, అందులో ఏముందో అదే రాస్తాను అంది ఆమె. రెండూ ఒకటే కదా అన్నాడతను. వదిన లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. అన్నయ్య గొంతు పెరిగింది. మామయ్య పేరు, ఇంటి పరువు, చిన్నప్పుడు ఆమెను బడికి సైకిలు మీద దింపిన సంగతి, అన్నీ వరుసగా వచ్చాయి. ఆమె వింటూ కూర్చుంది. అన్నయ్య మాటల్లో ఒక్కటి మాత్రం ముల్లులా దిగింది. రెండూ ఒకటే. నిజమే, చిట్టాలో ఉన్నది ఉన్నట్టు రాస్తే చదివినవాళ్లు అనుకునేది అదే.

అప్పుడు మూలనుంచి అమ్మ మాట్లాడింది.

“నాన్న వచ్చాడు.”

ఇద్దరూ అటు తిరిగారు.

“రెండో రోజు మధ్యాహ్నం. వీధిలో నీళ్లు కిటికీ దాకా వచ్చేశాయి. అమ్మ చంకలో చెల్లి. నన్ను నాన్న మెడ మీద ఎక్కించుకున్నాడు. నీళ్లు ఆయన గుండెల దాకా. బడి మేడ మీదికి తీసుకెళ్లాడు మమ్మల్ని. నా చెప్పొకటి కొట్టుకుపోయింది. అది కావాలని ఏడిస్తే ఆయన తిట్టాడు.”

“మరి వెంటనే వెనక్కెళ్లలేదా?” అంది ఆమె.

“ఎలా వెళ్తాడే చిట్టీ, దారంతా మునిగిపోయింది. రెండుసార్లు దిగి చూశాడు, ఎవరో లాగేశారు. ఇంక పిట్టగోడ పట్టుకుని కూర్చున్నాడు. అక్కడినుంచి పంపుల గది పొగగొట్టం కనపడేది. పొగ వస్తూనే ఉంది. దాన్నే చూస్తూ, వాడొక్కడే ఉన్నాడు, వాడొక్కడే ఉన్నాడు అనుకునేవాడు. నాకు ఆరేళ్లు. ఆ వాడు ఎవరో నాకప్పుడు తెలీదు.”

మామయ్యకు తెలియదా అని అన్నయ్య అడిగాడు. మామయ్య అప్పుడు అమ్మమ్మగారింట్లో ఉండి చదువుకునేవాడట. తర్వాత చెప్పారు, తెలుసు. తెలిసే రాశాడేమో, వాడికి నాన్నంటే అంత ప్రాణం అంది అమ్మ. ఆ పుస్తకం ఇంటికి వచ్చిన రోజు తాతయ్య ఆ పేజీ చదివి, కళ్లజోడు తీసి, పుస్తకాన్ని బీరువా అడుగున పెట్టేశాడు. ఎవరైనా ఆ సంగతి ఎత్తితే లేచి బయటికి వెళ్లిపోయేవాడు. అణకువ అనుకున్నారు అందరూ. బొగ్గు మనిషి ఎప్పుడైనా ఇంటికి వస్తే మాత్రం తాతయ్య అతను వెళ్లేదాకా కుర్చీలో కూర్చునేవాడు కాదట.

“ఇన్నేళ్లూ చెప్పలేదేం అమ్మా?” అన్నాడు అన్నయ్య. గొంతు తగ్గింది.

“నన్నెవరు అడిగారురా? ఫోటో కింద నిలబడి చెప్పేవాడివి నువ్వాయె.”

ఆ రాత్రి భోజనాలయ్యాక ఆమె భర్తతో చెప్పింది. అమ్మ చెప్పింది కూడా రాసెయ్యొచ్చుగా అన్నాడాయన. రాయకూడదు అంది. అమ్మ మాట ఎక్కడా అచ్చులో లేదు. ఏడేళ్లుగా ఎంతోమంది అమ్మల మాటలు, తాతల మాటలు మూలం లేదని తీయించేసింది. ఒకాయన తన తండ్రి స్వయంగా చెప్పాడని గోలపెడితే, మీ నాన్నగారి మీద గౌరవంతోనే తీసేస్తున్నానని జవాబు రాసింది కూడా. ఇప్పుడు తన అమ్మ దగ్గరికి వచ్చేసరికి కొత్త న్యాయం ఎక్కడినుంచి తెస్తుంది?

మర్నాడు ఆసుపత్రినుంచి వచ్చి సమీక్ష రాసింది. స్వర్ణోత్సవ సంచిక వ్యాసకర్త డ్రైవరు కొడుకనీ, తనకు మేనమామ అనీ చెప్పింది. చిట్టా వివరాలు పేజీ నంబర్లతో ఇచ్చింది. వేలిముద్రలు నలభై ఒకటని రాసింది. హెచ్చరిక వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టు ఎత్తిరాసింది. డ్రైవరు ఎందుకు వెళ్లాడో నివేదిక చెప్పడం లేదని కూడా రాసింది. ఆ చివరి వాక్యం దగ్గర చాలాసేపు కూర్చుంది. అది నియమం దాటకుండా తాతయ్యకు చేయగలిగిన సాయం. అంతకుమించి ఒక్క అక్షరం కలపలేదు. ఈ వాక్యం సరిచేసేదాకా వ్యాసాన్ని నిలిపి ఉంచుతున్నాననీ, సరిచేశాక తుది నిర్ణయం తాను కాకుండా మరొకరు తీసుకోవాలనీ ముగించింది.

పదకొండు రోజులు పాత పటంనుంచి జవాబు లేదు. ఆమె రోజూ చూసేది. నాలుగేళ్ల కష్టం మీద నీళ్లు చల్లినందుకు తనను తిట్టుకుంటున్నాడేమో అనుకుంది. పన్నెండో రోజు రాశాడు. గ్రంథాలయానికి వెళ్లి నల్ల అట్ట పుస్తకం తానే చూశాడట. నివేదిక చివరి పేజీలో అనుబంధాల మాట అప్పుడే చదివాననీ, పుస్తకంలో లేవు కదా అని వదిలేశాననీ ఒప్పుకున్నాడు. “మీ తాతగారి కథ బాగుంది. బాగున్న కథ కాబట్టి నిజమో కాదో నేను వెతకలేదు, వదులుకోనూ లేదు. ఇది నా వయసుకు సిగ్గుచేటు” అని రాశాడు. ఆ కింద కొత్త పేరా పెట్టాడు. రెండో రోజు మధ్యాహ్నంనుంచి నాలుగో రోజు ఉదయం దాకా ఇంజను నడిపింది బొగ్గు మనిషి అనీ, అతని పేరూ, నలభై ఒక్క గంటల లెక్కా అందులో ఉన్నాయి. తాతయ్య పేరు రెండు వాక్యాలకు తగ్గింది. ఇంకో సమీక్షకుడు వచ్చి చూసి, మూడు వారాల్లో వ్యాసాన్ని మంచి జాబితాలోకి ఎక్కించాడు.

అన్నయ్య అయిదు నెలలు ఆమెతో మాట్లాడలేదు. ఆమె అమ్మను చూడటానికి వెళ్తే అతను దుకాణంలో పని ఉందని వెళ్లిపోయేవాడు. పంపుల గది అర్జీ ఏమైందో ఆమె అడగలేదు. ఒకరోజు వదినే వంటింట్లో గిన్నెలు సర్దుతూ చెప్పింది, మీ అన్నయ్య ఆ కాగితం వెనక్కి తీసేసుకున్నారు అని. ఎప్పుడని అడిగితే, నువ్వు వచ్చి వెళ్లిన వారమే అంది. మరి ఇన్నాళ్లూ ఈ కోపమెందుకని ఆమె అడిగింది. అది వేరే, ఇది వేరే అంది వదిన. కొత్త పంపుల గదికి చివరికి నంబరే పెట్టారు, మూడు. హాల్లో ఫోటో మాత్రం అలాగే ఉంది. వచ్చినవాళ్లు అడిగితే అన్నయ్య ఇప్పుడు మా తాతయ్య అని ఊరుకుంటున్నాడు.

అమ్మ ఒకసారి ఆ పేరా చదివి వినిపించమంది. ఆమె ఫోను పట్టుకుని నెమ్మదిగా చదివింది. అమ్మ కళ్లు మూసుకుని వింది.

“నన్ను మోసుకెళ్లింది లేదే ఇందులో?”

“లేదమ్మా. దానికి మూలం లేదు.”

“మూలనున్న ముసలమ్మ మూలం కాదా మరి?” అని అమ్మ బోసినోటితో నవ్వింది. తన మాట తనకే నచ్చి, వదినను పిలిచి మళ్లీ చెప్పింది.

ఆ మాటను ఆమె చర్చా పేజీలో రాయలేదు గానీ, పాత పటానికి విడిగా పంపిన ఉత్తరంలో నవ్వులాటగా రాసింది. ఆయన నవ్వులాటగా తీసుకోలేదు. ఊళ్లో చరిత్ర ప్రియుల సంఘం ఒకటుంది, మూడు నెలలకో పత్రిక వేస్తుంది, వరద చూసినవాళ్ల మాటలు సేకరిస్తోంది, అమ్మగారు ఒప్పుకుంటే మనుషులు వచ్చి రాసుకుంటారని చెప్పాడు. ఇద్దరు వచ్చారు, ఒకామె రికార్డరుతో, ఒకతను పుస్తకంతో. ఆమె ఆ పూట కావాలనే వెళ్లలేదు. తాను పక్కన ఉంటే అమ్మ మాట అమ్మది కాకుండా పోతుందని భయం. అమ్మ రెండు గంటలు మాట్లాడిందట. అందులో గంటన్నర బడి మేడ మీద పక్కింటివాళ్లతో జరిగిన దుప్పట్ల తగవు గురించే. వచ్చినవాళ్లు ఓపికగా అదంతా కూడా రాసుకున్నారు.

పత్రిక వచ్చింది. ఒకటిన్నర పేజీ అమ్మది. దుప్పట్ల తగవు పోయింది. మెడ మీద ఎక్కించుకోవడం మూడు వరుసలు, పొగగొట్టం రెండు వరుసలు. చెప్పు సంగతి ఎందుకో ఉంచారు. అన్నయ్య నాలుగు ప్రతులు కొనుక్కొచ్చాడు. ఆ రోజు ఆమెకు తానే ఫోను చేసి, వచ్చిందా చూశావా అని అడిగాడు. అయిదు నెలల తర్వాత అదే మొదటి మాట.

వ్యాసంలో దాన్ని ఆమె చేర్చలేదు. చేర్చకూడదు కూడా. ఎవరో తెలియని మనిషి, ఖాతా తెరవకుండా రాసినందువల్ల పేరుండాల్సిన చోట కూడా అంకెలే, ఒక వాక్యం చేర్చారు: డ్రైవరు ఆ సమయంలో తన కుటుంబాన్ని ముంపునుంచి తరలించాడని ఆయన కుమార్తె తర్వాత గుర్తుచేసుకున్నారు. కింద నూట పధ్నాలుగో పాదసూచిక.

వారం తిరక్కుండా చర్చా పేజీలో ఇంకెవరో ప్రశ్న వేశారు. ఆరేళ్ల వయసునాటి సంగతి డెబ్భై నాలుగేళ్ల తర్వాత చెబితే ఎంతవరకు నమ్మవచ్చు? వాక్యం ఉంచాలా, తీసేయాలా? ఒకరు ఉంచాలన్నారు. ఒకరు “అట” అనే ధ్వని వచ్చేలా మార్చాలన్నారు. పాత పటం రెండు పుటల జవాబు రాశాడు. ఆ ప్రశ్న వేసినవాళ్లు అడిగింది సబబే అనిపించింది ఆమెకు. తానైనా అదే అడిగేది. చర్చ ఇంకా తెగలేదు. వాక్యం ప్రస్తుతానికి ఉంది.

ఆమె ఆ చర్చలో ఒక్క ముక్క రాయలేదు. అప్పుడప్పుడూ చదువుతుంది. మొన్ననే ఇంకో వ్యాసం తలకెత్తుకుంది, దీపస్తంభాల చరిత్ర, అరవై మూడు పాదసూచికలు. మొదటిదే తప్పు పేజీ.